ఇంటర్నెట్ ఫోను ఎంపికలో చౌకదనం కన్నా నంబరే ముఖ్యం

న్యూఢిల్లీ: దేశవ్యాప్తంగా చిన్న వ్యాపార సంస్థల టెలిఫోను అవసరాలు ఒక కొత్త మలుపులో ఉన్నాయి. రాగి తీగలపై నడిచే పాత లాండ్‌లైన్లు క్రమేపీ కనుమరుగవుతుండగా, చాలాచోట్ల వాటి స్థానాన్ని యజమాని, గుమాస్తాల జేబుల్లోని సెల్‌ఫోన్లు ఆక్రమించాయి. ఇప్పుడు ఇంటర్నెట్ ద్వారా మాటలను చేరవేసే టెలిఫోను వ్యవస్థలను టెలికాం కంపెనీలు, సాఫ్ట్‌వేర్ సంస్థలు పోటీపడి అందిస్తున్నాయి. నెల అద్దె ఎంత, ఎన్ని నిమిషాలు ఉచితం అన్న ప్రకటనలే వ్యాపారి కంట ముందుగా పడుతున్నాయి. అయితే మన దేశంలో ఈ ఎంపికను నిర్ణయించవలసింది కాల్ ధర కాదు. సంస్థ నంబరు ఎవరి అధీనంలో ఉంటుంది, కరెంటు లేదా ఇంటర్నెట్ పోయిన వేళ ఆ నంబరుకు వచ్చే కాల్ ఏమవుతుంది అన్న రెండు ప్రశ్నలే ఇందులో కీలకమైనవి.

గుమాస్తా సిమ్‌లో సంస్థ పేరు

మందుల పంపిణీదారు, రోగ నిర్ధారణ కేంద్రం, ట్రాక్టర్ విడిభాగాల దుకాణం, పార్సిల్ ఆఫీసు వంటి సంస్థలకు ఆర్డర్లు ఇప్పటికీ ఎక్కువగా ఫోనులోనే వస్తాయి. ఖాతాదారుడు తనకు అలవాటైన గుమాస్తా సెల్ నంబరును దాచుకుంటాడు. ఆ సిమ్ గుమాస్తా పేరు మీద ఉన్నట్లయితే చట్టరీత్యా ఆ నంబరు అతనిదే. ఉద్యోగం మానివేసిన రోజున నంబరుతోపాటు ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ఖాతాదారుల పరిచయం కూడా అతని వెంటనే పోతుంది. సంస్థకు మిగిలేది బోర్డు మాత్రమే.

ఇంతకన్నా నిశ్శబ్దంగా జరిగే నష్టం మరొకటి ఉంది. ఒకే సెల్‌ఫోనుపై ఆధారపడిన దుకాణంలో ఒకరితో మాట్లాడుతుండగా రెండవ ఖాతాదారునికి "బిజీ" అనే సమాధానమే వస్తుంది. అతడు మళ్లీ చేయవచ్చు, చేయకపోవచ్చు. పక్క దుకాణానికి పోవచ్చు. ఇలా ఎన్ని కాల్స్ జారిపోయాయన్న లెక్క యజమాని వద్ద ఉండదు. ఇంటర్నెట్ ఆధారిత వ్యవస్థ తీర్చగలిగిన అసలు లోటు ఇదే. ఒకే నంబరుకు ఒకేసారి పలువురు ఫోను చేసినా ఖాళీగా ఉన్న ఉద్యోగికి కాల్ చేరుతుంది. అందరూ పనిలో ఉంటే వరుసలో నిలుస్తుంది. ఎవరు ఎప్పుడు చేశారు, ఎవరు తీశారు, ఏది తీయలేదు అన్న పట్టీ సంస్థ వద్దనే ఉంటుంది.

నిషేధం నుంచి అనుమతి దాకా

ఇంటర్నెట్‌పై మాట్లాడుకొనే సాఫ్ట్‌వేర్ 1995లోనే మార్కెట్లోకి వచ్చింది. ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ సంస్థ దానిని విడుదల చేసింది. యాదృచ్ఛికంగా అదే ఏడాది ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ (విఎస్ఎన్ఎల్) మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవలను ప్రారంభించింది. అప్పట్లో ఐఎస్‌డి కాల్ సామాన్యునికి అందని ఖరీదు. ఎస్‌టిడి చార్జీలు తగ్గే రాత్రి వేళ కోసం బూత్‌ల ముందు జనం వేచి ఉండే రోజులవి. ఆ పరిస్థితిలో ఇంటర్నెట్ ఫోను ఆకర్షణ అంతా చౌకదనంలోనే ఉండేది. టెలికాం ఆదాయానికి గండి పడుతుందన్న భయంతో ప్రభుత్వం దానిని అనుమతించలేదు.

2002 ఏప్రిల్ 1 నుంచి పరిమితమైన అనుమతి లభించింది. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు, ఇక్కడి కంప్యూటర్ నుంచి విదేశంలోని ఫోనుకు మాట్లాడవచ్చునన్నారు. కాని ఇక్కడి కంప్యూటర్ నుంచి ఇక్కడి ఫోనుకు కాల్ చేయడానికి వీలు లేకపోయింది. ఈ ఆంక్షలను సడలించాలని టెలికాం నియంత్రణ సంస్థ (ట్రాయ్) 2008లోనే సిఫారసు చేసినా అది అమలుకు నోచుకోలేదు. 2017లో ట్రాయ్ మరోసారి సిఫారసులు చేసిన పిమ్మట 2018 జూన్‌లో టెలికమ్యూనికేషన్ల శాఖ లైసెన్సు షరతులను సవరించింది. యాక్సెస్ లైసెన్సు ఉన్న కంపెనీలు, ఇంటర్నెట్ కనెక్షన్ ఎవరిదైనప్పటికీ, దానిపై తమ టెలిఫోను సేవను అందించే వీలు దీనితో కలిగింది. ఆ ఏడాదే భారత సంచార్ నిగమ్ (బిఎస్ఎన్ఎల్) "వింగ్స్" పేరుతో ఏడాదికి 1,099 రూపాయల రుసుముపై ఇటువంటి సేవను ప్రకటించింది.

ఆంక్షలు తొలగేనాటికి చౌకదనం అనే కారణమే దాదాపు కనుమరుగైంది. ఒక కంపెనీ చందాదారుడు మరో కంపెనీ చందాదారునికి ఫోను చేసినప్పుడు కంపెనీలు పరస్పరం చెల్లించుకొనే చార్జీని ట్రాయ్ 2017 అక్టోబరులో నిమిషానికి 14 పైసల నుంచి 6 పైసలకు తగ్గించి, 2021 జనవరి 1 నుంచి పూర్తిగా రద్దు చేసింది. సెల్‌ఫోను పథకాలలో దేశంలో ఎక్కడికైనా కాల్స్ ఉచితంగా వస్తున్నాయి. కనుక అమెరికా, యూరప్‌ల కోసం రాసిన ప్రచార పత్రాలలోని "ఫోను బిల్లు సగానికి తగ్గుతుంది" అన్న వాగ్దానం మన చిన్న వ్యాపారికి యథాతథంగా వర్తించదు. విదేశాలకు తరచు ఫోను చేసే ఎగుమతిదారులు, ట్రావెల్ ఏజెన్సీలు, విద్యా సలహా సంస్థలు మాత్రమే కాల్ ధరను ప్రత్యేకంగా లెక్క వేసుకోవలసి ఉంటుంది.

మూడు దారులు

ప్రస్తుతం చిన్న సంస్థ ముందు ప్రధానంగా మూడు మార్గాలున్నాయి.

మొదటిది సొంత ఎక్స్ఛేంజి. పూర్వం ఆఫీసులలో ఉండే ఇపిఎబిఎక్స్ పెట్టెకు బదులు, నెట్‌వర్క్‌పై పనిచేసే పెట్టెను గాని, సాఫ్ట్‌వేర్ నింపిన కంప్యూటర్‌ను గాని ఆఫీసులోనే పెట్టుకొంటారు. టెలికాం కంపెనీ నుంచి "సిప్ ట్రంక్" అనే లైను తీసుకొంటారు. గతంలో ఇందుకు వాడిన పిఆర్ఐ లైనుకు 30 చానెళ్లు ఉండేవి. ఆరుగురు పనిచేసే ఆఫీసుకు అన్ని అవసరం లేదు. సిప్ ట్రంకులో అవసరానికి తగినన్ని చానెళ్లు తీసుకొనే వీలుంది. అయితే కనీస సంఖ్య ఎంతన్నది కంపెనీని బట్టి మారుతుంది.

సొంత ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్‌లలో ప్రసిద్ధమైన "ఆస్టరిస్క్" పుట్టుకే ఒక చిన్న సంస్థ అవసరం నుంచి జరిగింది. అమెరికాలో లైనక్స్ సహాయక సేవల సంస్థను ప్రారంభించిన మార్క్ స్పెన్సర్, మార్కెట్లోని టెలిఫోను ఎక్స్ఛేంజి కొనే స్తోమత లేక 1999లో తానే ఒకటి రాసుకొన్నారు. దానిని అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. సాఫ్ట్‌వేర్ ఉచితమే అయినా దానిని నిలబెట్టి, మరమ్మతు చేసి, దొంగల బారి నుంచి కాపాడే మనిషి ఉచితం కాడన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. నెట్‌వర్క్ పని తెలిసిన ఉద్యోగి ఉన్న సంస్థకే ఈ మార్గం తగినది.

రెండవది అద్దె ఎక్స్ఛేంజి. ఎక్స్ఛేంజి అంతా సేవాసంస్థ డేటా సెంటర్లోనే ఉంటుంది. ఆఫీసులో ఐపి ఫోన్లు గాని, కంప్యూటర్, సెల్‌ఫోనులలో యాప్ గాని ఉంటే సరిపోతుంది. ఒక్కో ఉద్యోగికి నెలకు ఇంత అని అద్దె చెల్లించాలి. టెలికాం కంపెనీలతోపాటు విదేశీ సాఫ్ట్‌వేర్ సంస్థలు కూడా ఈ రంగంలోకి వచ్చాయి. వీడియో సమావేశాల సంస్థ జూమ్ 2023లో భారత టెలికాం లైసెన్సు పొంది, 2024 అక్టోబరులో పుణెలో తన ఫోను సేవను ప్రారంభించింది.

మూడవది "క్లౌడ్ టెలిఫోనీ" పేరుతో వ్యవహారంలో ఉన్న పద్ధతి. సంస్థకు ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరుకు వచ్చిన కాల్‌కు "అమ్మకాలకు ఒకటి నొక్కండి, సర్వీసుకు రెండు నొక్కండి" అని తెలుగులోనో హిందీలోనో పలుకు వినిపించి, ఉద్యోగి సెల్‌ఫోనుకు మళ్లిస్తారు. కొత్త ఫోన్లు కొనవలసిన పని లేదు. ఉద్యోగి వద్ద ఇంటర్నెట్ లేకపోయినా కాల్ చేరుతుంది. ఖాతాదారునికి తెలిసేది సంస్థ నంబరు మాత్రమే. హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఓజోన్‌టెల్, బెంగళూరుకు చెందిన ఎక్సోటెల్ వంటి సంస్థలు ఈ రంగంలో పేరు తెచ్చుకొన్నాయి. ఎక్కువ సమయం ఆఫీసు బయట తిరిగే సిబ్బంది గల సంస్థలకు ఇది అనుకూలం. రోజంతా కుర్చీలో కూర్చుని పది, ఇరవై కాల్స్ మాట్లాడే సిబ్బంది ఉన్నచోట అద్దె ఎక్స్ఛేంజి మేలు.

నంబరు ఎవరిది?

ఒప్పందంపై సంతకం చేసే ముందు తప్పనిసరిగా అడగవలసిన ప్రశ్న ఇది. సెల్ నంబరును కంపెనీ మార్చినా నిలుపుకొనే సదుపాయం 2011 జనవరి నుంచి దేశమంతటా అమలులో ఉంది. 2015 జూలై నుంచి రాష్ట్రం మారినా పాత నంబరును ఉంచుకోవచ్చు. కాని ఈ సదుపాయం సెల్ నంబర్లకే పరిమితం. లాండ్‌లైన్ నంబరును ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి తీసుకుపోయే ఏర్పాటు మన దేశంలో లేదు. అమెరికా, బ్రిటన్‌ల వ్యాపారులు తమ పాత నంబరును ఇంటర్నెట్ ఫోను సంస్థకు బదిలీ చేయించుకొంటారు. ఆ సలహాను ఇక్కడ పాటించబోయిన వ్యాపారికి చుక్కెదురవుతుంది.

ఇరవై ఏళ్లుగా బోర్డుపైన, బిల్లు పుస్తకాలపైన, క్యాలెండర్లపైన అచ్చు వేయించిన నంబరు ఉన్న దుకాణానికి దీనివల్ల రెండు మార్గాలే మిగులుతాయి. పాత కంపెనీలోనే ఉండి, రాగి లైనును ఫైబర్‌కు మార్చుకొంటూ అదే నంబరు కొనసాగించగలరా అని అడగడం ఒకటి. కొత్త నంబరు తీసుకొని, పాత నంబరును కనీసం ఏడాది పాటు కొత్తదానికి మళ్లించి ఉంచడం రెండవది. పాత నంబరును తొందరపడి రద్దు చేసుకొంటే అది కొంత కాలం తర్వాత మరొకరికి కేటాయింపు కావచ్చు.

క్లౌడ్ టెలిఫోనీ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇక్కడ నంబరును టెలికాం కంపెనీ నుంచి సేవాసంస్థ తీసుకొని వ్యాపారికి వాడుకకు ఇవ్వడం సాధారణం. అటువంటప్పుడు చందాదారుగా నమోదైనది ఎవరి పేరన్నది ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. సేవ మానుకొంటే నంబరు తమకు దక్కుతుందా, దక్కకపోతే ఎన్ని నెలలు మళ్లింపు ఇస్తారు, సేవాసంస్థే మూతపడితే ఏమిటి అన్న మూడింటికీ లిఖితపూర్వకమైన సమాధానం తీసుకోవాలి. మూతపడటం ఊహకు అందని విషయమేమీ కాదు. 2003లో ఆరంభమై ఇంటర్నెట్ ఫోనుకు పర్యాయపదంగా మారిన స్కైప్‌ను 2025 మే 5న దాని యజమాని మైక్రోసాఫ్ట్ మూసివేసిన సంగతి తెలిసిందే.

వేగం కాదు, నిలకడ

ఇంటర్నెట్ ఫోనులో మాట చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి ప్రయాణిస్తుంది. సాధారణంగా 20 మిల్లీసెకన్ల మాటను ఒక ప్యాకెట్‌లో పెట్టి పంపుతారు. అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. జి.711 అనే ప్రామాణిక పద్ధతిలో ఒక సంభాషణకు ఒక్కో దిశలో, చిరునామాల భారంతో కలిపి, సుమారు 87 కిలోబిట్ల వేగం కావాలి. నలుగురు ఒకేసారి మాట్లాడినా 350 కిలోబిట్లకు మించదు. నేటి ఫైబర్ కనెక్షన్లలో ఇది ఒక మూలకు కూడా చాలని భారం. కనుక "మీ ఇంటర్నెట్ వేగం ఎంత?" అన్న ప్రశ్నకు ఇక్కడ పెద్దగా ప్రాముఖ్యం లేదు.

ప్రాముఖ్యం ఉన్నది నిలకడకు. ఒకవైపు ప్రయాణంలో మాట ఆలస్యం 150 మిల్లీసెకన్లకు మించకుండా ఉంటే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సమాఖ్య ప్రమాణం చెబుతోంది. ప్యాకెట్లు నూటికి ఒకటికన్నా ఎక్కువ దారిలో తప్పిపోతే మాట తెగిపోతున్నట్లు వినిపించడం మొదలవుతుంది. దుకాణంలోని సీసీ కెమెరాల దృశ్యాలు అదే లైనుపై నిరంతరం బయటికి పోతుంటేనో, ఎవరో పెద్ద ఫైలు పంపుతుంటేనో పైకి పోయే మార్గం నిండిపోతుంది. అప్పుడు మనకు అవతలివారి మాట బాగానే వినిపించినా మన మాట వారికి చేరదు. మాటల ప్యాకెట్లకు మొదటి ప్రాధాన్యం ఇచ్చేలా రౌటర్‌ను అమర్చడం, బల్లపై ఫోన్లను వైఫైకి బదులు కేబుల్‌తో కలపడం దీనికి విరుగుడు.

మరో చిక్కు చాలామందిని వేధిస్తుంది. కాల్ కలుస్తుంది గాని ఒక వైపే వినిపిస్తుంది, లేదా సరిగ్గా అర నిమిషం దాటగానే తెగిపోతుంది. ఇది తరచు ఇంటర్నెట్ దోషం కాదు. రౌటర్‌లోని "సిప్ ఏఎల్‌జి" అనే అమరిక ఫోను సంకేతాలను తారుమారు చేయడం దీనికి ఒక సాధారణ కారణం. తన సంకేతానికి జవాబు అందని పరికరం సుమారు 32 సెకన్లు వేచి చూసి కాల్‌ను తెంచివేస్తుంది. ఆ అమరికను నిలిపివేస్తే అనేక సందర్భాలలో సమస్య తీరుతుంది.

కరెంటు పోతే?

పాత రాగి లైనుకు ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల విద్యుత్తు అందేది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఇంటర్నెట్ ఫోనుకు ఆ భాగ్యం లేదు. ఫైబర్ మోడెం, రౌటర్, స్విచ్, ఫోను వీటిలో ఏ ఒక్కదానికి కరెంటు పోయినా సంస్థ మూగబోతుంది. కంప్యూటర్లకు ఇన్వర్టర్ ఉండి, గోడ మీది మోడెంను దానికి కలపని ఆఫీసులు కోకొల్లలు.

బ్రిటన్ అనుభవం ఈ విషయంలో పాఠం వంటిది. అక్కడి పాత టెలిఫోను వ్యవస్థను 2025 డిసెంబరు నాటికి మూసివేయాలని తొలుత నిర్ణయించారు. ఒంటరి వృద్ధుల ఇళ్లలో ఆపద వేళ నొక్కే అత్యవసర పరికరాలు కొత్త లైనుపై పనిచేయని ఘటనలు బయటపడటంతో 2023 చివరిలో మార్పిడిని కొంత కాలం ఆపారు. ఆ తర్వాత గడువును 2027 జనవరికి పొడిగించారు. ఇక్కడి వ్యాపారులు కూడా పాత లైనుకు ఫోనుతోపాటు ఇంకేమేమి తగిలించి ఉన్నాయో ముందుగా చూసుకోవాలి. ఫ్యాక్స్, దొంగల హెచ్చరిక గంట, లిఫ్టులోని ఫోను, పాత కార్డు యంత్రం వంటివి కొత్త వ్యవస్థలో పనిచేస్తాయని ముందే అనుకోరాదు.

అత్యవసర నంబర్ల విషయం మరొకటి. ఇంటర్నెట్ ఫోను ఎక్కడి నుంచి మోగుతున్నదో తెలుసుకోవడం కష్టం. అందుకే అత్యవసర కాల్స్ సదుపాయాన్ని ఈ సేవలకు అప్పటికి తప్పనిసరి చేయనక్కరలేదని, అయితే ఆ పరిమితిని చందాదారులకు తెలియజేయాలని 2017 సిఫారసులలో ట్రాయ్ పేర్కొంది. పోలీసు, అంబులెన్సుల కోసం ఆఫీసులో ఒక మామూలు సెల్‌ఫోను ఉంచుకోవడం విజ్ఞత.

అద్దె ఎక్స్ఛేంజికి ఇక్కడ ఒక మేలు ఉంది. ఆఫీసు అంతా చీకటైనా డేటా సెంటర్లోని ఎక్స్ఛేంజి పనిచేస్తూనే ఉంటుంది. ఆఫీసు ఫోన్లు అందుబాటులో లేవని గ్రహించి కాల్‌ను యజమాని సెల్‌కు మళ్లించగలదు. సొంత ఎక్స్ఛేంజి పెట్టుకొన్నవారు ఇదే మళ్లింపును ట్రంకు ఇచ్చే కంపెనీ వద్ద ముందుగా ఏర్పాటు చేయించుకోవాలి.

లెక్క వేయవలసిన తీరు

నెల అద్దె ఒక్కటే ఖర్చు కాదు. నంబరు అద్దె, చానెళ్ల అద్దె, బయటికి చేసే కాల్స్, రికార్డింగులు దాచే చార్జీ, ప్రారంభ రుసుము విడివిడిగా ఉంటాయి. క్లౌడ్ టెలిఫోనీలో మరొక మెలిక ఉంది. ఖాతాదారు చేసిన కాల్‌ను ఉద్యోగి సెల్‌కు మళ్లించినందుకు కూడా అనేక సంస్థలు నిమిషాల లెక్కన వసూలు చేస్తాయి. అంటే వచ్చే కాల్ కూడా ఉచితం కాదు. నెలకు 1,000 కాల్స్, ఒక్కొక్కటి సగటున మూడు నిమిషాలు అనుకొంటే 3,000 నిమిషాలు. నిమిషానికి 50 పైసలు అనుకొన్నా 1,500 రూపాయలవుతుంది. రెండు నిమిషాల పది సెకన్ల కాల్‌ను మూడు నిమిషాలుగా లెక్కిస్తారా, సెకన్ల లెక్కన తీసుకొంటారా అన్నది కూడా బిల్లును మార్చివేస్తుంది.

టెలికాం సేవలపై జిఎస్‌టి 18 శాతం. పై లెక్కలో అది 270 రూపాయలు. మామూలు పద్ధతిలో నమోదైన వ్యాపారి దీనిని తన పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న వ్యాపారికి ఆ వెసులుబాటు లేదు. కనుక ప్రకటనలోని "పన్ను అదనం" అన్న చిన్న అక్షరాలు అతనికి నిజమైన ఖర్చే.

చట్టం గీసిన గీతలు

సేవ అమ్ముతున్న సంస్థకు టెలికాం లైసెన్సు గాని, లైసెన్సు ఉన్న కంపెనీతో ఒప్పందం గాని ఉన్నదీ లేనిదీ చూడటం వ్యాపారి బాధ్యత. విదేశాల నుంచి ఇంటర్నెట్‌పై వచ్చే కాల్స్‌ను పదుల కొద్దీ సిమ్‌లు నింపిన పెట్టెల ద్వారా స్థానిక కాల్స్‌గా మళ్లించే అక్రమ ఎక్స్ఛేంజీలపై పోలీసులు వివిధ నగరాలలో దాడులు జరుపుతూనే ఉన్నారు. అనుమతి లేకుండా టెలికాం సేవలు అందించిన వారికి మూడేళ్ల వరకు జైలు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం నిర్దేశిస్తోంది. అద్దెకు గది అడిగి, అందులో ఒక "ఇంటర్నెట్ పెట్టె" ఉంచితే నెలకు ఇంత ఇస్తామనే ప్రతిపాదనలకు దూరంగా ఉండాలి.

మరోవైపు నిబంధనలు సడలిన మాటా వాస్తవం. కాల్ సెంటర్లు, బిపిఓ సంస్థలకు రిజిస్ట్రేషన్, బ్యాంకు గ్యారంటీల వంటి షరతులను కేంద్రం 2020 నవంబరులో తొలగించింది. 2021 జూన్‌లో మరింత సరళీకరించి, ఈ సంస్థల ఎక్స్ఛేంజి ప్రపంచంలో ఎక్కడైనా ఉండవచ్చునని, ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేయవచ్చునని ప్రకటించింది.

బయటికి చేసే కాల్స్‌లో హద్దులు కఠినతరమయ్యాయి. కొత్త వ్యవస్థ రాగానే పాత ఖాతాదారులందరికీ వరుసగా ప్రచార కాల్స్ చేయాలన్న ఉబలాటం కలగడం సహజం. 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ సవరించిన నిబంధనల ప్రకారం నమోదు కాని సంస్థపై పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చర్యకు దారితీస్తుంది. మొదటి తప్పుకు 15 రోజులపాటు బయటికి కాల్స్ నిలిచిపోతాయి. మళ్లీ జరిగితే సిప్ ట్రంకులతో సహా ఆ సంస్థ టెలికాం కనెక్షన్లన్నిటినీ అన్ని కంపెనీలలోనూ ఏడాదిపాటు తొలగిస్తారు. ఏళ్ల తరబడి కాపాడుకొన్న నంబరును ఒక్క వారం ప్రచారంతో పోగొట్టుకొనే ప్రమాదం ఇందులో ఉంది.

కాల్స్ రికార్డు చేసే సంస్థలు ఆ సంగతిని ఖాతాదారునికి ముందుగా వినిపించడం మంచిది. వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో ఆమోదం పొందింది. దాని నిబంధనలను 2025 నవంబరులో ప్రకటించి దశలవారీగా అమలు చేయాలని నిర్ణయించారు. రోగ నిర్ధారణ కేంద్రం వంటి చోట రికార్డింగులో ఉండేది రోగి ఆరోగ్య సమాచారం. దానిని ఎవరు వినగలరు, ఎన్నాళ్లు దాచుతారు అన్నది ముందే నిర్ణయించుకోవాలి.

సెలవు రోజున దొంగతనం

ఇంటర్నెట్‌కు కలిసిన ఎక్స్ఛేంజికి తాళం బలహీనంగా ఉంటే బయటివారు జొరబడి, దాని ద్వారా ఖరీదైన విదేశీ నంబర్లకు గంటల తరబడి కాల్స్ చేస్తారు. ఇటువంటి దొంగతనాలు ఎక్కువగా ఆఫీసు మూసి ఉండే రాత్రులు, వారాంతాలలో జరుగుతాయి. తెల్లవారి వచ్చే బిల్లు చందాదారుడి పేరుమీదే ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ నంబరునే పాస్‌వర్డుగా పెట్టుకోవడం ఇందుకు రాచబాట వేసినట్లే. విదేశీ కాల్స్ అవసరం లేని సంస్థ ఐఎస్‌డి సదుపాయాన్ని కంపెనీ స్థాయిలోనే మూయించాలి. అవసరమున్న సంస్థ రోజువారీ ఖర్చుకు పరిమితి విధించుకోవాలి.

పక్షం రోజుల పరీక్ష

ఏడాది ఒప్పందానికి ముందు పక్షం రోజులు పాత, కొత్త వ్యవస్థలను పక్కపక్కనే నడిపి చూడటం ఉత్తమమైన మార్గం. రద్దీ వేళల్లో, అన్ని కంప్యూటర్లూ పనిచేస్తుండగా మాట నాణ్యతను పరీక్షించాలి. ఒకరోజు కావాలనే మోడెం స్విచ్ ఆపి సంస్థ నంబరుకు బయటి నుంచి ఫోను చేయాలి. కాల్ ఎవరికైనా చేరిందా, ఎంతసేపటికి చేరింది అన్నది ఆ ఒక్క ప్రయత్నంలోనే తేలిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి సేవాసంస్థ సహాయ కేంద్రానికి ఫోను చేసి, మనిషి పలుకుతాడో లేదో చూడాలి. పక్షం చివర తీయని కాల్స్ పట్టీని ముందు పెట్టుకొని, పాత పద్ధతిలో జారిపోతున్నవెన్నో లెక్కించాలి.

ఆ పట్టీలో పెద్దగా ఏమీ కనిపించకపోతే ఖర్చు పెట్టవలసిన అవసరం లేదు. యజమాని ఒక్కడే ఫోను తీసే చిన్న దుకాణానికి సంస్థ పేరు మీద తీసుకొన్న ఒక సిమ్, కరెంటు పోయినా పనిచేసే ఒక సెల్‌ఫోను చాలు. పట్టీ పొడవుగా ఉంటే మాత్రం నిర్ణయాన్ని వాయిదా వేయడం నష్టదాయకం. ఏ మార్గాన్ని ఎంచుకొన్నా ఒప్పందంలో ముందుగా చదవవలసింది ధరల పట్టికను కాదు. సేవ ముగిసిన నాడు నంబరు ఎవరి వద్ద మిగులుతుందో చెప్పే పేరాను.